పదిహేడో నంబరు కేసు

మనస్విని మొదటిసారి చూసినప్పుడు శ్రీకాంత్ దొంగతనం చేస్తూ దొరికాడు.

పెద్ద దొంగతనమేం కాదు. పిల్లల కోసం తెప్పించిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లలో ఒకటి చించి, నీళ్ల సీసాలో కలుపుకుని, బడి వెనక గోడ చాటున నిలబడి గటగటా తాగేస్తున్నాడు. టక్ చేసిన తెల్ల చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అవి పిల్లలకు తెచ్చినయ్ సార్," అంది మనస్విని.

అతను తుళ్లిపడ్డాడు. "తెలుసు మేడమ్. ఒక్కటే తీసుకున్న."

"మీకు గూడ వాంతులైనయా?"

"లే లే, నాకేం కాలే," అన్నాడు ఎంతో ధీమాగా. అన్న మరుక్షణమే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మూత్రశాలల వైపు పరుగెత్తాడు. అక్కణ్నుంచి వినిపించిన చప్పుడును బట్టి ఆ మాటలో నిజమెంతో ఆమెకు తెలిసిపోయింది. ఫైలు తెరిచి, కేసుల జాబితాలో పదిహేడో నంబరు ఎదురుగా 'శ్రీకాంత్, బయాలజీ సారు' అని రాసుకుంది.

ఇది జరిగింది చిన్నకోడూరు దాటాక వచ్చే ఒక ఊళ్లో. పేరు చెబితే ఊరివాళ్లు నొచ్చుకుంటారు. మంచివాళ్లు, కాబట్టి చెప్పను. శ్రావణ మాసం, శనివారం. హైస్కూల్లో మధ్యాహ్న భోజనం అయిపోయింది, ఆ తర్వాతి రెండో పీరియడ్ బెల్లు కూడా కొట్టలేదు, పిల్లలు ఒకరి వెనక ఒకరు కడుపు పట్టుకుని వాంతులు మొదలుపెట్టారు. సాయంత్రానికి లెక్క నలభై ఏడుకు చేరింది. అంబులెన్సులొచ్చాయి, తల్లిదండ్రులొచ్చారు, మైకులు పట్టుకుని టీవీల వాళ్లూ వచ్చారు. అదృష్టం బాగుండి ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. తెల్లారేసరికి పిల్లలందరూ దవాఖాన మంచాల మీద లేచి కూర్చుని, ఇడ్లీలు ఎప్పుడు పెడతారని నర్సులను సతాయిస్తున్నారు.

మనస్వినిది సిద్దిపేటలో, జిల్లా వైద్య శాఖలో ఉద్యోగం. ఎక్కడైనా పదిమందికి ఒకేసారి జబ్బు చేస్తే అది ఎక్కడ మొదలైందో కనిపెట్టడం ఆమె పని. ఎపిడెమియాలజిస్ట్ అనే మాట నోరు తిరగక ఊళ్లలో 'రోగాల లెక్కల మేడమ్' అంటారు. ఆమెకు ఆ పేరే నచ్చింది. ఎవరు ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎవరికి జబ్బు చేసింది, ఎవరికి చెయ్యలేదు అని ఓపిగ్గా అడుగుతూ పోతే తప్పు చేసిన గిన్నె దానంతటదే బయటపడుతుందని ఆమె నమ్మకం.

ఆ సాయంత్రం ఆమె మొదట తెరిచింది రుచి రిజిస్టరు. పిల్లలకు వడ్డించే ముందు రోజుకొక సారు అన్నం, కూర నోట్లో వేసుకుని చూసి సంతకం పెట్టాలి. అది నియమం. ఆ రోజు వంతు శ్రీకాంత్‌ది. 'పన్నెండు పదికి రుచి చూశాను, బాగుంది' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

"రుచి చూసిన్రా సార్?" అని అడిగింది.

శ్రీకాంత్ తన సంతకం వైపు చూశాడు. "చూసిన. రెండు చెంచాలు."

"మరి మీకేం కాలేదన్నరు?"

"మూడింటికి వాంతులైనయ్. సిగ్గయి చెప్పలే."

మనస్విని నవ్వు ఆపుకుని రాసుకుంది. ఇరవై ఏడేళ్ల మనిషి, బయాలజీ సారు, వాంతులైతే చెప్పుకోవడానికి సిగ్గుపడటం ఆమెకు ముచ్చటగా అనిపించింది. ముచ్చటగా అనిపించినందుకు తనను తాను కాస్త తిట్టుకుంది కూడా.

ఆదివారం పొద్దున్నించే ఇంటింటికీ తిరగడం మొదలైంది. హెడ్‌మాస్టరు ఊరు చూపించడానికి తోడుగా శ్రీకాంత్‌ను పంపాడు. అంతకు ముందు అక్టోబరులోనే ఉద్యోగంలో చేరిన కొత్త సారు కాబట్టి ఇలాంటి పనులన్నీ అతని నెత్తినే పడేవి. ముసురు పట్టింది. ఇద్దరి మధ్య ఒకటే గొడుగు, అదీ అతనిది, అందులోనూ ఒక చువ్వ విరిగింది. విరిగిన వైపు తానుండి, బాగున్న వైపు ఆమెకు పట్టాడు. మూడిళ్లు దాటేసరికి అతని ఎడమ భుజం పూర్తిగా తడిసింది. ఆమె చూసింది గానీ ఏమీ అనలేదు.

ప్రతి ఇంట్లో అవే పన్నెండు ప్రశ్నలు. అన్నం తిన్నవా, పప్పు తిన్నవా, వంకాయ కూర తిన్నవా, ఏ బోరింగు నీళ్లు తాగినవ్, బయట చిప్సు గిట్ల కొనుక్కున్నవా. పదో ఇంటికి శ్రీకాంత్‌కు అవన్నీ కంఠతా వచ్చేశాయి. పదిహేనో ఇంటి గడపలో ఆమె నోరు తెరిచే లోపే, అచ్చం ఆమె గొంతు పెట్టి, ఆమెలాగే పెన్ను గాల్లో తిప్పుతూ "బిడ్డా, నిదానంగ యాది చేసుకో, తప్పు చెప్తే ఏమనను" అన్నాడు. ఆ ఇంట్లో పిల్ల కిసుక్కున నవ్వింది. మనస్వినికీ నవ్వాగలేదు.

"నేను గట్లనే మాట్లాడుతనా?" అని బయటికొచ్చాక అడిగింది.

"అంతకంటే మంచిగ మాట్లాడుతరు. నాకు గంతే వచ్చింది," అన్నాడు.

నీళ్లు నిలిచిన గల్లీలో ఆ మాట విన్నాక ఆమె తర్వాతి రెండు గుంతల్లోనూ కాలు వేసింది.

సోమవారం కూడా తిరిగారు. తడిసిన మిర్చి బజ్జీల పొట్లం పంచుకున్నారు. ఆమెది జగదేవ్‌పూర్ అని, బాపు యాదగిరి వ్యవసాయం చేస్తాడని, పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి ఎక్కడేం రోగమొచ్చిందో అడిగి తెలుసుకుంటాడని అతనికి తెలిసింది. అతను ప్రజ్ఞాపూర్‌లో అమ్మ మల్లమ్మతో ఉంటాడని, తండ్రి లేడని, అమ్మే కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టి కొడుకును చదివించిందని ఈమెకు తెలిసింది. కొడుకు కొలువు కోసం మల్లమ్మ మొక్కని దేవుడు లేడట. ఆ మాట అతను నవ్వుతూ చెప్పాడు, ఆమె నవ్వుతూ విన్నది.

నవ్వు రానిది ఒక్క బాలమణి ఇంటి దగ్గరే.

బాలమణి ఆ బడిలో పద్నాలుగేళ్లుగా వంట చేస్తోంది. ఏ పిల్ల వంకాయ తినదో, ఏ పిల్లాడికి రెండోసారి అన్నం పెట్టాలో ఆమెకు తెలుసు. శనివారం సాయంత్రమే పైనుంచి ఫోన్ వచ్చి ఆమెను వంట ఆపమన్నారు. రిపోర్టు వచ్చాక పూర్తిగా తీసేస్తారని ఊరంతా చెప్పుకుంటున్నారు. నిన్నటిదాకా అక్కా, అవ్వా అని పిలిచినవాళ్లు ఆమె ఎదురైతే తల తిప్పుకుంటున్నారు. మనస్విని వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఊరికే తన రెండు చేతులూ చూసుకుంటోంది.

ఏం వండింది, ఎన్నింటికి దించింది, ఏ నీళ్లతో కడిగింది అన్నీ విసుక్కోకుండా చెప్పింది. నియమం ప్రకారం తీసి పెట్టిన అన్నం, పప్పు, కూర డబ్బాలు మూడూ ముందే అధికారులకు ఇచ్చేసింది. చివరికి ఒక్క మాట అంది.

"పద్నాలుగేండ్ల సంది నా చేతి బువ్వ తిని ఒక్క పిల్ల గూడ కడుపు పట్టుకోలే బిడ్డా. నాదే తప్పని తేలితే నన్ను తీసెయ్యున్రి, ఏడ్వ. కానీ తేల్చి తీసెయ్యున్రి."

మనస్విని తేలుస్తానని చెప్పింది. పక్కకు చూస్తే శ్రీకాంత్ అక్కడ లేడు. గేటు బయట వానలో, గొడుగు ఉండి కూడా తెరవకుండా నిలబడి ఉన్నాడు. వంట్లో బాగాలేదేమో అనుకుంది.

మంగళవారం ఆఫీసులో లెక్కలన్నీ పరుచుకుని కూర్చుంది. ఒకచోట లెక్క కుదరడం లేదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలే పడ్డారు. తొమ్మిది, పది తరగతుల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. వాళ్లూ అదే అన్నం, అదే పప్పు తిన్నారు, నిజానికి ఎక్కువే తిన్నారు. పెద్ద పిల్లలు కదా తట్టుకున్నారేమో అన్నారు ఆఫీసులో. మనస్వినికి ఆ మాట గొంతు దిగలేదు. కానీ అడ్డంగా పదిహేడో నంబరు ఉంది. రెండంటే రెండు చెంచాలు రుచి చూసిన పెద్దమనిషి కూడా పడ్డాడంటే తప్పు ఆ గిన్నెలదే కావాలి. ఇంకే దారీ లేదు. బాలమణికి ఎదురు తిరిగిన గట్టి సాక్ష్యం అదొక్కటే.

బుధవారం బడి వదిలాక ఆ సాక్ష్యం తానే బస్సెక్కి సిద్దిపేట వచ్చి, ఆమె టేబులు ముందు నిలబడింది.

కూర్చోమన్నా కూర్చోలేదు. రెండు సార్లు గొంతు సవరించుకున్నాడు. పిచ్చి మనస్విని, ఇంకేదో చెప్పడానికి వచ్చాడనుకుని, ఎదురుగా ఉన్న కాగితాలన్నీ అక్కర లేకుండా సర్దింది.

"మేడమ్, ఆ రోజు నేను రుచి చూడలే."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఒక్కపొద్దు ఉన్న. శ్రావణ శనివారం గద. నోట్లేసుకుంటే ఒక్కపొద్దు చెడుతదని సంతకం పెట్టి ఊకున్న. స్టాఫ్‌రూముల అందరం ఒక్కపొద్దే, ఇంకెవర్ని అడగాలె? మీరు అడిగినప్పుడు నౌకరి పోతదని భయమై చూసిన అన్న. బాలమణమ్మ ముందు నిలబడలేకపోయిన. రెండు దినాల సంది నిద్ర లేదు."

మనస్వినికి కోపం నషాళానికంటింది. రెండు రోజులు పక్కన నడిచి, పన్నెండు ప్రశ్నలూ కంఠతా పట్టి, ఆ ఒక్క అబద్ధం మాత్రం కడుపులో దాచుకున్నాడు. "మీ రెండు చెంచాల మీదనే ఆమెను తప్పు పడుతున్నరు, తెలుసా మీకు?" అంది. కోపమొక్కటే కాదు, ఇతణ్ని నమ్మాను కదా అన్న బాధ కూడా ఉంది అందులో.

అతను తల వంచుకుని, ఏ శిక్షయినా సరే, తన పేరు రాసి బాలమణిని విడిపించమన్నాడు.

జాబితాలో పదిహేడో నంబరు కొట్టేయబోయి ఆమె పెన్ను ఆగింది. పప్పు ముట్టని మనిషికి వాంతులెందుకయ్యాయి? గోడ చాటు నాటకమా అంటే, ఆ రోజు ఆ పాలిపోయిన మొహం తన కళ్లతో చూసింది.

"ఆ దినం పొద్దుగాల నుంచి ఏం తిన్నరు?"

"ఏం తినలే మేడమ్. ఒక్కపొద్దు అన్న గద."

"నీళ్లు?"

"ఇంటి నుంచి తెచ్చుకున్నయే తాగిన."

"చాయ్?"

"పొద్దుగాల ఇంట్ల."

"ఇంకా?"

"ఇంకేం లే. ప్రసాదం నోట్లేసుకున్న, గంతే."

మనస్విని పెన్ను కింద పెట్టింది.

"ఏం ప్రసాదం?"

అతను ఇంకా మామూలుగానే చెప్పాడు. తనకు కొలువొస్తే శ్రావణ శనివారం నాడు బడి పిల్లలకు ప్రసాదం పంచుతానని అమ్మ మొక్కుకుందట. తెల్లారుజామున నాలుగింటికే లేచి, బెల్లం, పాలు, బియ్యంతో పరమాన్నం చేసి, దేవుడి ముందు పెట్టి, పెద్ద స్టీలు క్యానులో పోసి మూత బిగించి ఇచ్చిందట. ప్రజ్ఞాపూర్ నుంచి బస్సులో తెచ్చి, పన్నెండింటికి, భోజనం బెల్లుకు ముందు, తనే తరగతి తరగతికీ తిరిగి దోసిట్లో పోశాడట.

"ఏ తరగతులకు?"

"ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదికి పోయేసరికి అడుగంటింది. ఇంటికింత తీసి పెట్టి..."

మాట అక్కడే తెగిపోయింది. అతని కళ్లు టేబులు మీది జాబితా మీద పడ్డాయి. ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిది సున్నా, పది సున్నా. బయాలజీ సారుకు ఇంకెవరూ వివరించక్కర్లేదు. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మ," అన్నాడు. అంతే.

మనస్వినికి అంతదాకా ఉన్న కోపం ఎటు పోయిందో పోయింది. ఆమెకు తన మీదే సిగ్గేసింది. బయటిదేమన్నా తిన్నారా అని నూట ఎనభై మందిని అడిగింది. ఒక్కరూ ప్రసాదం మాట ఎత్తలేదు, ఎందుకంటే ప్రసాదాన్ని తిండి కింద ఎవరూ లెక్క వెయ్యరు. కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటారు, చేతులు తలకు రాసుకుంటారు, మర్చిపోతారు. ఒక్కపొద్దు ఉన్నవాళ్లే తింటారు, ఇక దాన్ని తిండి అని ఎవరనుకుంటారు? ఆమె పన్నెండు ప్రశ్నల్లో కూడా ఆ ప్రశ్న లేదు. ఆమె కూడా ఆ ఊళ్ల పిల్లే మరి.

"తప్పు మీ ఒక్కరిదే గాదు. నేను అడగలే," అంది.

ఆ సాయంత్రమే ప్రజ్ఞాపూర్ వెళ్లారు. శాంపిల్ తీసే ఉద్యోగి కూడా వెంట ఉన్నాడు.

మల్లమ్మ సన్నగా, నిటారుగా ఉండే మనిషి. సంగతి విన్నాక మొదట నమ్మలేదు. దేవుడి ముందు పెట్టిన పరమాన్నం విషమెట్లా అవుతుందని అడిగింది. తాను తిన్నానంది, పక్కింటి వాళ్లు తిన్నారంది, ఎవరికీ ఏమీ కాలేదంది.

"మీరు ఎప్పుడు తిన్నరమ్మా?"

"పొద్దుగాల ఐదింటికి. దించంగనే."

"పిల్లలు పన్నెండింటికి తిన్నరు. ఏడు గంటలు మూత పెట్టిన క్యాన్ల, ఉడుకుడుకుగ ఉన్నది. పాలు, బియ్యం గట్ల ఉంటే చెడుతయ్ అమ్మా. వాసన రాదు, రుచి మారదు. దాంట్ల దేవుని తప్పు లేదు, మీ చేతి తప్పు లేదు. వేడి, టైము, గంతే."

మల్లమ్మ దేవుడి పటం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. తర్వాత, "ఆ వంట చేసే ఆమె ఇప్పుడేం చేస్తుంది?" అని అడిగింది.

ఇంట్లో కూర్చుందని చెప్పారు. మల్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుని లోపలికి పోయింది. ఫ్రిజ్‌లోంచి చిన్న టిఫిన్ డబ్బా తెచ్చి మనస్విని చేతిలో పెట్టింది. కొడుకు క్యాను అడుగున తిరిగి తెచ్చిన పరమాన్నం అది. ప్రసాదం పారెయ్యకూడదు కదా అని, శనివారం ఆవుకు పెడదామని దాచిందట. ఆ నమ్మకమే లేకపోతే ఆ డబ్బా ఎప్పుడో కడిగేసేవాళ్లు, బాలమణిని కాపాడేందుకు చేతిలో సాక్ష్యం ఉండేది కాదు.

గేటు దాకా వచ్చిన శ్రీకాంత్ ఒక్క మాటే అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాయున్రి మేడమ్."

రాయడమే ఆమె పని. ఎన్నో రిపోర్టులు రాసింది, ఎప్పుడూ చెయ్యి ఆగలేదు. ఇప్పుడు ఆగింది. రాస్తే బాలమణి గిన్నెలు బాలమణికి తిరిగొస్తాయి. రాస్తే ఒక తల్లి ఇన్నేళ్లు మిషన్ తొక్కి, మొక్కులు మొక్కి సాధించిన కొడుకు కొలువు ఊగుతుంది. ఏడాది కూడా నిండలేదు, రిజిస్టరులో అబద్ధపు సంతకం, పైగా విచారణలో అబద్ధం. అవన్నీ రాసిన మనిషి మొహం అతను జన్మలో చూస్తాడా? చూడడు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఇక దాచడమెందుకు, అతనంటే ఆమెకు ఇష్టం. విరిగిన చువ్వ కింద భుజం తడుపుకున్నప్పుడే మొదలైంది.

అందుకే మర్నాడు ఆమె చేసిన పని విని ఆఫీసులో వారం రోజులు నవ్వుకున్నారు. రిపోర్టు పూర్తి చేసి, సంతకం పెట్టే ముందు పై అధికారి భానుప్రకాశ్ గదిలోకి వెళ్లింది. ఆయన రిటైర్మెంటుకు దగ్గర పడ్డ డాక్టరు, ఏదీ రెండోసారి చూడనిదే నమ్మడు.

"సార్, ఈ లిస్టుల పదిహేడో నంబరు కేసు అంటే నాకు ఇష్టం. అందుకని నేను రాసింది మీరొకసారి మళ్ల అన్ని అడిగి చూసుకోవాలె."

భానుప్రకాశ్ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూశాడు. "ఎంత ఇష్టం?"

"రిపోర్టు తప్పు రాసేంత కాదు సార్."

ఆయన మరో మాట అడగలేదు. సరేనని ఫైలు తీసుకున్నాడు.

పది రోజులకు ల్యాబు ఫలితం వచ్చింది. బాలమణి ఇచ్చిన మూడు డబ్బాలూ శుభ్రం. టిఫిన్ డబ్బాలోని పరమాన్నంలో వాంతులు తెప్పించే సూక్ష్మజీవి దొరికింది. ఆ మర్నాడే బాలమణిని వంటకు పిలిచారు. ఇక నుంచి బయటి నుంచి తెచ్చే ఏ పదార్థమైనా, ప్రసాదమైనా సరే, అప్పటికప్పుడు వండిందే పెట్టాలని, రుచి చూసేవాళ్లు ఆ రోజు ఒక్కపొద్దు ఉండకూడదని ఆదేశాలు వెళ్లాయి. శ్రీకాంత్ తానే వచ్చి నిజం చెప్పినందుకు ఉద్యోగం నిలిచింది, ఒక ఇంక్రిమెంటు మాత్రం ఆగింది.

అంతా మంచే జరిగింది. కానీ ఆ పది రోజుల్లో అతని నుంచి ఒక్క ఫోన్ రాలేదు, ఒక్క మెసేజ్ రాలేదు. మనస్విని తానూ చెయ్యలేదు. కోపమొచ్చి ఉంటుంది, రాకపోతే ఆశ్చర్యం అనుకుని పనిలో తల దూర్చింది. బాపు ఫోన్ చేసి గొంతు బాగాలేదేంది బిడ్డా అంటే ముసురని చెప్పింది.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు గుమ్మంలో మల్లమ్మ ప్రత్యక్షమైంది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. మనస్విని గబుక్కున లేచి నిలబడింది. తిట్టడానికే వచ్చిందనుకుంది, పడటానికి సిద్ధపడింది.

"కూసో బిడ్డా, నేనే కూసుంట," అని మల్లమ్మ కుర్చీ లాక్కుంది. "మీ పెద్దసారు ఆ దినం మావోనికి ఫోన్ చేసిండు. నేను పక్కనే ఉల్లిగడ్డ కోస్తున్న. మావోడు స్పీకర్ల పెట్టిండు. 'మా మేడమ్‌కు మీరంటే ఇష్టమట, గందుకే మళ్ల మొదటి నుంచి అడుగుతున్న, ప్రసాదం ఎన్నింటికి తిన్నరు?' అన్నడు."

మనస్వినికి చెవుల దాకా వేడెక్కింది. భానుప్రకాశ్ సారు అన్నీ అడిగి చూసుకోమంటే ఇంత బాగా అడుగుతాడని ఆమె అనుకోలేదు.

మల్లమ్మ తన ధోరణిలో చెప్పుకుపోయింది. కొడుకు మీద రాసిందని మొదట చాలా కోపమొచ్చిందట. రెండు రోజులు అన్నం సయించలేదట. మూడో రోజు బస్సెక్కి బాలమణి ఇంటికి వెళ్లి, తన ప్రసాదం వల్ల ఆమెకు మాట వచ్చిందని చెప్పి కాళ్లు మొక్కబోతే, బాలమణి రెక్క పట్టుకుని లేపి చాయ్ పెట్టిందట. ఇద్దరూ కలిసి ఏడ్చారట. మొక్కు సగంలో చెడిపోయింది కాబట్టి మళ్లీ చెయ్యాలని, ఈసారి బడి వంటగదిలోనే, బాలమణి పక్కన నిలబడి, దించింది దించినట్టు పిల్లలకు పెట్టాలని ఒప్పందం చేసుకున్నారట.

"ఇష్టమున్నోని తప్పు గూడ దాచలేదు నువ్వు. నేను కన్నతల్లిని, నేనైతే దాచేదాన్ని," అంది మల్లమ్మ. "గసోంటి పిల్ల మా ఇంట్ల ఉండాలె. మీ బాపు నంబరు చెప్పు."

మనస్విని ఫోన్ చేతిలోకి తీసుకుంది, మళ్లీ టేబులు మీద పెట్టింది. చివరికి, "ఆయనకు కోపం లేదా?" అని మాత్రం అడగగలిగింది.

"గది వాన్నే అడుగు. కింద నిలబడ్డడు. పైకి రమ్మంటే 'ముందుగాల నువ్వు పో' అన్నడు."

కింద పోర్టికోలో శ్రీకాంత్ నిజంగానే నిలబడి ఉన్నాడు. వాన పెద్దదైంది. ఆమె మెట్లు దిగి వచ్చేసరికి, ఎన్నిసార్లు అనుకుని వచ్చాడో గానీ, మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"నువ్వంటే నాకు ఇష్టం. ముందే చెప్దామనుకున్న. రిపోర్టు పోకముందు చెప్తే నా నౌకరి కోసం చెప్పినట్టయితదని ఆగిన. పోయినంక, నువ్వు ఫోన్ చెయ్యకపోయేసరికి, అబద్ధం ఆడినోన్ని ఎందుకు చేసుకుంటవ్ అనుకున్న."

"నేను రాసిందానికి కోపం లేదా?"

"రాసిందానికి లేదు. నాకు చెప్పకముందు పెద్దసారుకు చెప్పినవ్, గందుకున్నది."

మనస్విని నవ్వింది. ఇన్ని రోజుల తర్వాత నవ్వింది. తర్వాత, ఏ అధికారీ మధ్యలో లేకుండా, అతని కళ్లలోకి చూసి తనకూ ఇష్టమేనని చెప్పింది. అతను వానలోకి చూస్తూ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

బాపుకు తానే చెబుతానని అక్కడికక్కడే ఫోన్ చేసింది. అవతల యాదగిరి ఎత్తీ ఎత్తకముందే, "ఏంది బిడ్డా, మళ్ల ఎక్కడన్న వాంతులా?" అన్నాడు.

"కాదు బాపూ. ఒక మనిషి గురించి," అంది. అని ఆపైన ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయింది.

అప్పటికి మెట్లు దిగి వచ్చిన మల్లమ్మ ఆ ఫోన్ మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకుంది.

"అన్నా, నేను ప్రజ్ఞాపూర్ మల్లమ్మను. నా కొడుక్కు మీ బిడ్డను అడుగుదామని చేస్తున్న. కానీ ముందుగాల ఒకటి చెప్పాలె. నా చేతి ప్రసాదం తిని నలభై ఏడుగురు పిల్లలు దవాఖానల పడ్డరు. నా కొడుకు దాంట్ల ఒక అబద్ధం ఆడిండు, తర్వాత తానే పోయి ఒప్పుకున్నడు. వాని ఇంక్రిమెంటు ఆపిన్రు. ఆపింది మీ బిడ్డ రాసిన కాయిదమే. ఇదంత విని, ఇష్టమైతేనే చెప్పు."

మల్లమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టింది. మనస్విని శ్రీకాంత్ చెయ్యి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు.

"ఇంత నిజం చెప్పి పిల్లనడిగెటోళ్లను నేనింతవరకు చూడలే చెల్లే," అన్నాడు యాదగిరి చివరికి. "ఆదివారం రాన్రి. అన్నం మా ఇంట్లనే తిందురు."